నాలుగు స్పీకర్ల నడుమ నిలబడి వినాల్సింది

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు ఎలక్ట్రానిక్ సంగీతం మీద విరుచుకుపడ్డారు. ఏదో సంగీతోత్సవానికి వెళ్లారట. వేదిక మీద మనిషి ఒక పెట్టె ముందు నిలబడి మీటలు తిప్పడమే తప్ప వాయించిందేమీ లేదట. ఆ మాత్రం దానికి ఇంట్లో కూర్చుని రికార్డు వింటే సరిపోదా, యంత్రం వాయిస్తుంటే మనిషికి చప్పట్లెందుకు అని అడిగారు. ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది. రెండోసారి చదివితే ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉందనిపించింది. మిగతా సగం గురించే నేను రాస్తున్నది. ఉత్తరం కాస్త పొడుగైంది. పేజీలో పట్టకపోతే కత్తిరించండి గానీ వోల్టుల లెక్క మాత్రం తీసేయకండి.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. ముప్పై ఒక్క ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు, చివరి రోజుల్లో టీవీలు బాగుచేశాను. చూపుడువేలి మీద సోల్డరింగ్ ఐరన్ కాల్చిన మచ్చలు ఇంకా ఉన్నాయి. యంత్రం తనంతట తానే వాయిస్తుందని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. తనంతట తానే పనిచేసిన యంత్రం నా బల్ల మీదకి ఒక్కటీ రాలేదు. తనంతట తానే పాడైపోయినవి మాత్రం కొన్ని వేలు వచ్చాయి.

ఈ సంగీతం నాకు అంటించింది మా అమ్మాయి. పని మానేశాక చేతులు ఊరుకోక, చెడిపోయిన ఒక పాత షార్ట్‌వేవ్ రేడియో ముందేసుకుని కూర్చున్నాను. ముల్లు తిప్పుతుంటే రెండు స్టేషన్ల మధ్య ఒక ఈల వినబడుతుందే, సన్నగా మొదలై, లావై, గురగురమని మాయమై, మళ్లీ సన్నగా పైకి లేస్తుంది. ఆ ఈల నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. వార్తలు వినేవాళ్లకది చిరాకు. నేను మాత్రం కావాలని ముల్లును అటూ ఇటూ కదిపి దాన్ని పాడించేవాణ్ణి. అమ్మాయి అది చూసి, "నాన్నా, దీన్నే పట్టుకుని కచేరీలు చేసేవాళ్లున్నారు, తెలుసా?" అని నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. మొదట సముద్రపు అల లాంటి హోరు. అది నిజం సముద్రం కాదని రెండు నిమిషాలకు గానీ తెలియలేదు. ఆ హోరు లోపలి నుంచి, నా రేడియో ఈలకు తోబుట్టువు లాంటి ధ్వని ఒకటి మెల్లగా పైకొచ్చింది. ఎవరమ్మా వాయించింది అంటే, సుజాన్ సియానీ అంది. ఆ రోజు నుంచి నేను ఆవిడ మనిషిని.

ఆ చుట్టరికం ఉత్తమాట కాదు. రేడియోలో రెండు కంపనాలు దగ్గర దగ్గరగా వచ్చి ఒకదానితో ఒకటి కలిస్తే, వాటి తేడా మనకు ఈలగా వినబడుతుంది. 1920 ప్రాంతంలో లెవ్ తెరెమిన్ అనే రష్యన్ ఇంజనీరు ఇదే కిటుకుతో, ముట్టుకోకుండా గాలిలో చేతులు ఆడిస్తే పలికే వాయిద్యం చేశాడు. అంటే నేను ముల్లు తిప్పి చేసిన అల్లరికి అప్పటికే ఒక పెద్దమనిషి సంగీతమని పేరు పెట్టేశాడన్నమాట. ఆ సంగతి నాకు అరవై దాటాక తెలిసింది.

సియానీ గారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పుట్టింది 1946లో, అమెరికాలో. శాస్త్రీయ పియానో నేర్చుకున్నారు, బర్క్‌లీలో సంగీత రచనలో పైచదువు చదివారు. అక్కడే డాన్ బుక్లా అనే ఆయన పరిచయమయ్యారు. 1960ల నడిమిలో అమెరికా తూర్పు తీరాన రాబర్ట్ మూగ్, పశ్చిమ తీరాన ఈ బుక్లా, ఎవరి దారిన వారు కరెంటుతో ధ్వని పుట్టించే సింథసైజర్లు తయారుచేశారు. మూగ్ యంత్రానికి పియానోకి ఉన్నట్టు నలుపు తెలుపు మెట్లుంటాయి. బుక్లాకి అవంటే గిట్టలేదు. పియానో మెట్లు పెడితే జనం పియానో పాటలే వాయిస్తారని ఆయన బాధ. అందుకే ఆయన యంత్రంలో వేలు తాకించే రాగి రేకుల్లాంటివీ, తిప్పే నాబ్‌లూ, గుచ్చే తీగలూ ఉంటాయి.

సియానీ గారు ఆయన కార్ఖానాలో పనికి చేరి బోర్డులు సోల్డరింగ్ చేశారు. ఈ ముక్క చదివిన రోజు నేను నిద్రపోలేదు. మొదటిరోజు సాయంత్రమే ఎక్కడో సోల్డరింగ్ సరిగా పట్టలేదని ఆవిడను పొమ్మన్నారట. ఆవిడ పోలేదట. దాన్ని మేం డ్రై సోల్డర్ అంటాం. పైకి చూస్తే సీసం అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల తీగను పట్టుకోదు. కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత తడితే పలుకుతుంది, ఆ తర్వాత తన్నినా పలకదు. నేను బాగుచేసిన రేడియోల్లో సగానికి రోగం అదే. ప్రపంచంలో పేరున్న సంగీత విద్వాంసురాలికి డ్రై సోల్డర్ వల్ల ఉద్యోగం పోబోయిందంటే ఆవిడ నాకు చుట్టం కాక ఇంకేమవుతారు?

తర్వాతి కథ మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు. 1974లో ఆ యంత్రాన్ని వెంటేసుకుని న్యూయార్క్ వెళ్లారు. రికార్డు కంపెనీలకు ఈ సంగీతం ఏం చేసుకోవాలో తెలియలేదు గానీ ప్రకటనలవాళ్లకు తెలిసింది. కోకాకోలా ప్రకటనలో సీసా మూత తెరుచుకుని బుసబుసమనే చప్పుడు, అది సీసాది కాదు, ఆవిడ సింథసైజర్‌ది. 1980లో ఒక పిన్‌బాల్ ఆటకు శబ్దాలూ గొంతూ ఇచ్చారు. 1981లో ఒక హాలీవుడ్ సినిమాకు ఒక్కరే నేపథ్య సంగీతం చేశారు. చాలా ఏళ్లు పియానోకే అంకితమయ్యారు, గ్రామీ నామినేషన్లు ఐదు వచ్చాయి. డెబ్బై ఏళ్లకు అటూ ఇటూగా మళ్లీ బుక్లా యంత్రం దగ్గరికి తిరిగొచ్చి, తీగలు పట్టుకుని వేదికలెక్కడం మొదలుపెట్టారు. ఆ వయసులో నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది.

సరే, ఉత్సవం సంగతికి వస్తాను. మీ పాఠకుడు వెళ్లింది కాదు, సియానీ గారి కచేరీ వినడానికి అమ్మాయీ నేనూ వెళ్లింది. ఒకే మైదానంలో మూడు వేదికలు. ఇటువంటి చోట్ల మనకు కావలసిన ఇద్దరూ ఒకే సమయానికి వేర్వేరు వేదికల మీద ఉంటారని అమ్మాయి ముందే హెచ్చరించింది. అలాగే జరిగింది. తనకిష్టమైన వాళ్లెవరో పెద్ద వేదిక మీద అదే గంటకు. "నువ్వు అటు పో, నేను ఒక్కణ్ణే వింటాను" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "నిన్నొదిలేసి వెళ్తే స్పీకర్ విప్పి కూర్చుంటావు, నాకు తెలీదా" అని నాతోనే వచ్చింది. ఆ మాట నిజం కాబోయిందని తర్వాత చెబుతాను.

మాది మూడిట్లో చిన్న వేదిక. కప్పు ఉన్న హాలు. గంట ముందే చేరాం. అప్పటికే వంద మంది దాకా కుర్రాళ్లు కంచెకు ఆనుకుని నిలబడ్డారు, వేదికకు మూరెడు దూరంలో. ఆ గుంపులో తెల్లజుట్టు నాది ఒక్కటే. పక్కనున్న కుర్రాడు మర్యాదగా, "అంకుల్, మీరు ఎవరికోసం వచ్చారు?" అన్నాడు. దారి తప్పి వచ్చాననుకున్నాడు పాపం. పేరు చెబితే నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అతనూ ఇంట్లో చిన్న సింథ్ ఒకటి కిట్ తెచ్చుకుని తయారుచేస్తున్నాడట, ఒక ఛానల్లో గుయ్యిమని హమ్ వస్తోందట. ఎర్త్ ఎక్కడిచ్చావని అడిగాను. కచేరీ మొదలయ్యేదాకా మాకు అదే పని.

మాటల్లో ఉండగానే నాకు హాలు నాలుగు మూలలా నాలుగు స్పీకర్ బొత్తులు కనిపించాయి. రెండు వేదిక పక్కన, రెండు మా వెనక గోడ దగ్గర. అప్పుడు గుర్తొచ్చింది. సియానీ గారు వాయించేది క్వాడ్. మామూలు స్టీరియోలో ధ్వని ఎడమ నుంచి కుడికి కదులుతుంది, అంతే. క్వాడ్‌లో నాలుగు మూలల నుంచీ వస్తుంది, మన చుట్టూ తిరుగుతుంది, నెత్తి మీదుగా ఏటవాలుగా పోతుంది. ధ్వనిని నాలుగు దిక్కులకూ పంచే భాగం బుక్లా యంత్రంలో 1970ల నుంచే ఉంది. అంటే వేదికకు అతుక్కుని నిలబడ్డవాళ్లకు ముందు రెండు స్పీకర్లే గట్టిగా వినబడతాయి. వెనకవి వాళ్లకు సరిగా దక్కవు. "పద, వెనక్కి" అన్నాను. అమ్మాయి ఒప్పుకోలేదు. గంట నిలబడి సంపాదించిన చోటు వదులుకుంటామా అని. కుర్రాడికి విషయం అర్థమై ముందు అతనే కదిలాడు. ముగ్గురం హాలు నడిమధ్యకు, శబ్దం చూసే అబ్బాయి బల్ల పక్కకు చేరాం.

అది మంచిదైంది. ఆ అబ్బాయి ఒక్కో స్పీకర్‌కూ హోరు పంపి పరీక్ష చేస్తున్నాడు. ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ. నాలుగోది ఒకసారి పలికింది, రెండోసారి పలకలేదు, మూడోసారి కరకరమంది. అతను బల్ల మీదున్న ఫేడర్లన్నీ కదిపి చూస్తున్నాడు. నాకు కాళ్లు ఆగలేదు. స్పీకర్ దగ్గరికి వెళ్లి వైరు కొస చూశాను. ఆ పెద్ద స్పీకర్లకు పెట్టే పిన్ను గుండ్రంగా ఉంటుంది, లోపలికి తోసి మెలితిప్పితే టక్కుమని బిగుసుకోవాలి. ఇది లోపలికి పోయింది గానీ మెలి పడలేదు. నేను ముట్టుకోలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను. అమ్మాయి వెనక నుంచి "నాన్నా!" అని అరిచింది కాబట్టి ముట్టుకోలేదు. అబ్బాయిని పిలిచి చూపించాను. అతనొచ్చి తిప్పాడు. టక్. హోరు నిండుగా వచ్చింది. అతను ఇంకేం మాట్లాడకుండా తన బల్ల పక్కనున్న ఎత్తు పెట్టె చూపించి కూర్చోమన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఇంతకన్నా మంచి కూలి నాకు ముట్టలేదు.

దీపాలు తగ్గాయి. ఆవిడ వచ్చి యంత్రం ముందు నిలబడ్డారు. చిన్న మనిషి. యంత్రం కూడా నేననుకున్నంత పెద్దది కాదు, మూత తెరిచిన సూట్‌కేసంత. దాని నిండా రంగురంగుల తీగలు. పైన కెమెరా ఒకటి ఆవిడ చేతుల్ని పట్టి వెనక తెర మీద పెద్దగా చూపిస్తోంది. ఇంత మంచి ఏర్పాటు అన్ని కచేరీలకూ ఎందుకు చేయరో నాకు తెలియదు. మీ పాఠకుడు వెళ్లిన చోట ఇది లేకపోయి ఉండాలి. ఉంటే ఆ ఉత్తరం రాసేవారు కాదు.

మొదట అల. నేను హెడ్‌ఫోన్లలో విన్న అలే, కానీ ఇది వెనక ఎడమ మూల నుంచి లేచింది. కరకరమన్న ఆ మూల నుంచే. లేచి, మా మీదుగా పోయి, వేదిక కుడివైపు విరిగింది. ముందు వరసలో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి చూడటం మాకు కనబడుతోంది. ఇంకొకటి లేచింది, ఈసారి గుండ్రంగా తిరిగింది. అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది. ఒంటి మీద ఒక్క నీటిబొట్టు పడలేదు గానీ తడిసిపోయినట్టే ఉంది.

అలల కింద నుంచి స్వరాలు మొదలయ్యాయి. ఇక్కడే సీక్వెన్సర్ గురించి చెప్పాలి, మీ పాఠకుడి కోపమంతా దాని మీదే గనక. సీక్వెన్సర్ అంటే పదహారు మెట్లున్న నిచ్చెన అనుకోండి. ఒక్కో మెట్టు మీద ఒక్కో వోల్టేజి పెడతారు. యంత్రం మెట్టు మెట్టూ ఎక్కుతూ ఆ వోల్టేజిని, స్వరం పుట్టించే ఓసిలేటర్‌కు అందిస్తుంది, వోల్టేజి పెరిగితే శ్రుతి పెరుగుతుంది. మూగ్ యంత్రంలో ఒక స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, ఒక వోల్టు. బుక్లా 1.2 వోల్టులు పెట్టుకున్నాడు. స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు కదా, ఒక్కోదానికి కచ్చితంగా 0.1 వోల్టు. మూగ్ పద్ధతిలో ఒక వోల్టును పన్నెండుతో భాగిస్తే ఎక్కడా తెగదు. బుక్లా లెక్క చూసినప్పుడు నాకు ఆయన మీద అభిమానం పుట్టుకొచ్చింది. మల్టీమీటర్ పెట్టి సరిగమలు కొలవచ్చు!

ఇక నిచ్చెన ఎక్కడం యంత్రమే చేస్తుంది, ఒప్పుకుంటాను. 1970ల నాటి తన సీక్వెన్సులనే ఆవిడ ఇప్పటికీ ముడిసరుకుగా వాడతారని చదివాను. కానీ తెర మీద చూస్తుంటే ఆ చేతులు ఒక్క క్షణం ఊరికే లేవు. ఎడమ చేత్తో నాబ్ పట్టుకుని గోరంత తిప్పుతున్నారు, అదే సమయంలో కుడి చెయ్యి ఒక పసుపు తీగను ఊడబెరికి ఇంకోచోట గుచ్చుతోంది. ఊడబెరికిన క్షణంలో వరసలోంచి ఒక స్వరం జారిపోయింది, గుచ్చగానే అది ఇంకో మూల నుంచి పలికింది. వేగం పెంచారు. స్వరాలు విడివిడిగా ఉన్నవి కలిసిపోయి జల్లు అయ్యాయి. జల్లు ఇంకా బిగిసి ఒక్కటే గీత అయింది. అప్పుడు ఆ గీతను మళ్లీ విడదీస్తూ వచ్చారు, ఒక్కో బొట్టూ ఎక్కడ పడిందో చెవితో చూపించగలిగేంత నెమ్మదిగా.

ఒకచోట డప్పు లాంటి, చెక్క మీద వేలితో కొట్టినట్టుండే ధ్వని వచ్చింది. మెత్తగా మొదలై మెత్తగా ఆరిపోయేది. దాని లోపల ఏముందో నాకు తెలుసు. బుక్లా యంత్రాల్లో ఒక నల్ల గొట్టం ఉంటుంది, గింజంత. లోపల ఒక చిన్న దీపం, దాని ఎదురుగా వెలుగు పడితే నిరోధం తగ్గే ఎల్.డి.ఆర్. చీకటి పడగానే వాటంతటవే వెలిగే దీపాల్లో ఉండేదే, నేను ఎన్నో బిగించాను. దీపం వెలిగితే ధ్వని వెళ్లే తలుపు తెరుచుకుంటుంది. దీపం ఆర్పేసినా ఎల్.డి.ఆర్. వెంటనే తేరుకోదు, కొంచెం బద్ధకిస్తుంది. ఆ బద్ధకమే మనకు దెబ్బ కొట్టిన తర్వాత మెల్లగా ఆరిపోయే నాదంలా వినబడుతుంది. నా పనిలో ఆ బద్ధకం లోపం కింద లెక్క. చీకటి పడ్డా దీపం ఆలస్యంగా వెలుగుతోందని తిట్లు తిన్నాను కూడా. అదే లోపం ఆ హాల్లో మూడొందల మంది తలలు ఊపుతోంది. పక్కనున్న కుర్రాడికి చెవిలో అరిచి చెప్పాను. అతనికి వినబడలేదు. అయినా తల ఊపాడు.

ఇంకొక్క క్షణం చెప్పి ఇది ముగిస్తాను. నడుమ ఒకచోట కింది స్వరం గురగురలాడటం మొదలుపెట్టింది, అచ్చం నా రేడియో ముల్లు రెండు స్టేషన్ల మధ్య ఇరుక్కున్నప్పటిలా. రెండు ఓసిలేటర్లు కొద్దిగా ఎడంగా జరిగితే అంతే అవుతుంది. తెర మీద ఆవిడ చెయ్యి నాబ్ మీద ఆగింది. తల కాస్త వంచి విన్నారు. సరిచేస్తారనుకున్నాను. పూర్తిగా సరిచేయకుండా కాస్త దగ్గరికి జరిపి ఆపారు. గురగుర నెమ్మదించి ఊపిరిలా అయింది, ఆ ఊపిరి ఒక్కో మూలా తిరిగింది. ఈ నాబ్ తిప్పడాన్నే మీ పాఠకుడు వాయించడం కాదన్నారు. వీణ మెట్టు మీద తీగను లాగితే గమకం అంటాం. 0.01 వోల్టు దగ్గర వేలు ఆపి, అక్కడే నిలబెట్టడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో నాకు తెలుసు. రేడియో ట్యూనింగ్‌లో అంత సన్నని చోట ముల్లు నిలబెట్టలేక నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో.

ఇప్పుడు ఆయన చెప్పిన నిజం సగం. అదే రోజు సాయంత్రం పెద్ద వేదిక దగ్గరికి కూడా వెళ్లాం. అక్కడొకాయన చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టించడంలో ఎంత మునిగిపోయాడంటే, రెండు చేతులూ గాల్లో ఉన్నప్పుడే పాట మారిపోయింది. మంటలు, కాగితం ముక్కలు సరిగ్గా తాళానికి పడ్డాయి. అలా పడాలంటే అంతా ముందే కూర్చి పెట్టుకుని ఉండాలి. దాన్ని చూసి ఎవరైనా నిరాశపడితే నేను కాదనను. కానీ దానికి మొత్తం సంగీతాన్ని తిట్టడం, ఒక్క రేడియో పలకలేదని ఆకాశవాణిని తిట్టినట్టుంటుంది.

డీజేలను కూడా ఆ గాటన కట్టేయకూడదు. వేరేవాళ్లు చేసిన రికార్డుల్ని పక్కపక్కనే తిప్పి, రెండింటి వేగమూ చెవితో కలిపి, ఒకదాని నడుమ నుంచి రెండోదాన్ని పైకి తేవడం వాళ్ల పని. 1972లో వచ్చిన టెక్నిక్స్ టర్న్‌టేబుల్‌లో బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది కాబట్టి చెయ్యి పెట్టి ఆపినా వదలగానే అందుకుంటుంది. ఆ ఒక్క మోటారు మీద ఒక కళ పుట్టింది. లైవ్ వాయించేవాళ్ల పని వేరు, వాళ్లు ధ్వనిని అక్కడికక్కడ పుట్టిస్తారు. మీ పత్రికలో మాత్రం వేదిక మీద వైరు కనబడితే చాలు, అందరూ డీజేలే. పోయిన నెల ఒక ఉత్సవం గురించి మీ విలేఖరి రాసినదాంట్లో దీపాల గురించి రెండు పేరాలు, జనం వేసుకున్న బట్టల గురించి ఒకటి ఉన్నాయి. ఎవరు ఏం వాయించారో ఒక్క వాక్యం లేదు. గాత్ర కచేరీకి వెళ్లి పందిరి గురించి రాసి ఊరుకుంటారా?

ఉత్సవం నడిపినవాళ్ల మీదా నాకు ఫిర్యాదుంది. కచేరీలో ధ్వని బాగా తగ్గిన చోటల్లా పక్క వేదిక డుబ్ డుబ్ గోడలోంచి మా మధ్యకు వచ్చి కూర్చుంది. తక్కువ కంపనాలను గోడలు ఆపలేవు, ఇది వాళ్లకు తెలియనిది కాదు. నిశ్శబ్దం కావలసిన కచేరీని ఆ గంటకు పెట్టకుండా ఉండొచ్చు. నాలుగు స్పీకర్లు పెట్టినప్పుడు నడిమధ్యకు రండి అని తలుపు దగ్గర ఒక బోర్డయినా పెట్టలేదు. ముందు వరసలో తోసుకున్న కుర్రాళ్లకు సగం కచేరీ దక్కలేదన్న సంగతి వాళ్లకు ఇప్పటికీ తెలియదు. ఇక కూర్చోవడానికి చోటు సంగతి సరేసరి. నాకంటే స్పీకర్ పిన్ను పుణ్యమా అని పెట్టె దొరికింది.

అయిపోయాక జనం పెద్ద వేదిక వైపు పరుగెత్తారు. ఓ పాతిక మంది మాత్రం యంత్రం ఫొటో తీసుకోవడానికి ముందుకెళ్లారు, మా కుర్రాడు వాళ్లలో మొదటివాడు. తీగలు ఇంకా గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. అవి ఊడబెరికేస్తే ఆ సాయంత్రం విన్నది మళ్లీ ఎవరికీ అలాగే రాదు. ఆవిడకు కూడా రాదేమో. నేను అంత దూరం వెళ్లలేదు. మోకాళ్లు సహకరించలేదు, పైగా అమ్మాయి చెయ్యి వదలలేదు. ఆ తీగల్లో ఏది ఎక్కడికి పోతోందో లెక్కపెట్టడానికి తెర మీద నాకు టైం చాల్లేదు. పద్దెనిమిది దాకా వచ్చాను.

మీ పాఠకుడికి నాదొక మనవి. మళ్లీ ఎక్కడైనా క్వాడ్ కచేరీ ఉందంటే ఒకసారి నాతో రండి. మీ పత్రిక ద్వారా కబురు చేస్తే చాలు. ముందు వరసలో మాత్రం నిలబడొద్దు. శబ్దం చూసే అబ్బాయి బల్ల ఎక్కడుందో చూసుకుని దాని పక్కకు వచ్చేయండి, నేను అక్కడే ఉంటాను.

ఇట్లు,
ఒక పాత రేడియో మెకానిక్

తా.క.: చెవుల్లో పెట్టుకునే బిరడాలు తెచ్చుకోండి. పెద్ద వేదిక పక్క నుంచి నడిచి రావాలి కదా. లోపలికొచ్చాక తీసి జేబులో వేసుకోవడం మరిచిపోకండి. నేను మరిచిపోయి మొదటి అల సగం పోగొట్టుకున్నాను.